చిమ్నీ పైన తెల్లవారింది

ఇప్పటిదాకా వెంట వస్తున్నవాళ్ళకు గుర్తుచేయడానికీ, ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళకు తెలియడానికీ నాలుగు ముక్కలు.

ఇంజనీరమ్మ కాలుష్య నియంత్రణ కార్యాలయంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఏ ఫ్యాక్టరీ గాలిలోకి ఎంత పొగ వదలవచ్చో, అసలు వదలవచ్చో లేదో తేల్చి సంతకం పెట్టడం ఆమె పని. తుక్కు ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఒకటి, ఉన్న రెండు కొలుములు చాలడం లేదని మూడోదానికి అనుమతి అడిగింది. ఆ ఫైలు నెలన్నరగా ఆమె బీరువాలో ఉంది. ఆరేసిన బట్టల మీద గోధుమరంగు దుమ్ము పడుతోందని ఫ్యాక్టరీ దిగువ కాలనీవాళ్ళు అర్జీ మీద అర్జీ పెడుతున్నారు. తీరా వెళ్ళి చిమ్నీ కొలిస్తే ప్రతిసారీ లెక్క శుభ్రం. ఘనమీటరు గాలికి నూటయాభై మిల్లీగ్రాముల దుమ్ము దాకా ఒప్పుకుంటుంది చట్టం. ఆ చిమ్నీ ముప్పై దాటిన రోజు లేదు.

పైగా ఆ పొగను వడకట్టే ఫిల్టర్ గదికి సూపరింటెండెంటు సాక్షాత్తూ ఆమె భర్తకు అన్నగారు. అందరిదీ ఒకే ఇల్లు. కింద వాటా ఆయనది, మేడమీద వాటా వీళ్ళది. ఈ చుట్టరికం సంగతి ఆమె మొదటిరోజే కాగితం మీద రాసి పెద్దసారుకు ఇచ్చింది. "ఈ ఊళ్ళో ఎవరికి ఎవరు చుట్టం కారమ్మా? కానీయండి" అని ఆయన నవ్వి ఫైలు ఆమెకే అప్పగించాడు. ఆనాటినుంచి ఇంట్లో ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదని ఆమె ఒక నియమం పెట్టింది. బావగారు సరేనన్నారు, మాట మీద నిలబడ్డారు కూడా.

పోయినవారం పాత రీడింగులు తిరగేస్తుంటే ఆమె కంట ఒక వింత పడింది. పన్నెండేళ్ళుగా ఆ చిమ్నీని కొలిచింది పగలు పదకొండుకూ రెండుకూ మధ్యనే. ఎందుకలా అని, చిమ్నీలు కొలిచీ కొలిచీ జుట్టు నెరిసిన మీటరు బాబాయిని అడిగింది. "అంతకుముందు మన జీపు రాదమ్మా" అన్నాడు బాబాయి తాపీగా. అయితే జీపు లేకుండానే వెళదామంది ఆమె. గేటు దగ్గర అడ్డు లేకుండా బావగారు చూశారు. గురువారం తెల్లవారుజామున, ఇంకా చీకటి పూర్తిగా విడిపోకముందే, ముగ్గురూ చిమ్నీ పాదం దగ్గర నిలబడ్డారు.

ఇక ఎక్కాలి.

ఎక్కబోయే ముందు తల ఎత్తి చూడటం ఆమె చేసిన పొరపాటు. పైన పల్చటి మబ్బులు జరిగిపోతుంటే, మబ్బులు నిలబడి చిమ్నీయే తన మీదికి ఒరుగుతున్నట్టు కనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని గోడకు చెయ్యి ఆనించింది. గోడ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం లోపల సన్నటి వణుకు ఉంది. పడుకున్న ఏనుగు డొక్క మీద చెయ్యి వేసినట్టు అనిపించి గబుక్కున తీసేసింది.

"భయమేస్తోందా అమ్మాయ్?" అని అడిగారు బావగారు.

"లేదు బావగారూ."

"నాకు వేస్తోంది" అన్నారాయన హెల్మెట్ బిగించుకుంటూ. "ఇరవై రెండేళ్ళ సర్వీసు. సగం దాకా రెండుసార్లు ఎక్కాను. పైదాకా ఒక్కసారీ వెళ్ళలేదు. కొలిచేవాళ్ళు ఎక్కుతారు, నేను కింద పొగ వడకట్టే నా గుడ్డసంచులు చూసుకుంటాను. ఇవాళ నువ్వు ఎక్కుతుంటే నేను కింద నిలబడితే బాగుండదు."

మీటరు బాబాయి అప్పటికే నిచ్చెన అడుగునున్న ఇనపతలుపు తీసి, గొట్టాల సంచీ వీపుకు కట్టుకుని మొదటి మెట్టు మీద ఉన్నాడు. రిటైరవడానికి అయిదు నెలలున్న మనిషి. "మా ఆవిడ స్టూలెక్కి అటకమీద డబ్బా తియ్యమంటే నాకు కళ్ళు తిరుగుతాయండీ. ఇక్కడ మాత్రం తిరగవు. అంతా జీతం మహిమ" అన్నాడు. తరవాత గొంతు మార్చి, "అమ్మా, బెల్టు తాడుకు కొక్కేలు రెండు. రెండోది పడిందని చూసుకున్నాకే మొదటిది విప్పాలి. కింద చూడొద్దు, పైన చూడొద్దు. కళ్ళెదురుగా ఉన్న మెట్టుతోటే కాపురం" అని పైకి కదిలాడు.

నూట నలభై ఎనిమిది మెట్లు. ఆమె లెక్కపెట్టాలని అనుకోలేదు, నోరే లెక్కపెట్టింది. ఇరవై దాటేదాకా ఫ్యాక్టరీ చప్పుళ్ళు పక్కనే ఉన్నాయి: క్రేన్ గొలుసుల మోత, ఎవరో ఎవర్నో తిట్టడం, నీళ్ళు చిమ్మిన ఇనుము బుస్సుమనడం. నలభై దాటేసరికి మనుషుల గొంతులు రాలిపోయాయి. ఎనభై దగ్గర మోతలు కూడా మెత్తబడి, దూరంగా ఎక్కడో వాన కురుస్తున్నట్టు ఒకటే హోరు మిగిలింది. ఆపైన గాలి. గాలికి కూడా ఒక రుచి ఉంటుందని ఆమెకు నూట పదో మెట్టు మీద తెలిసింది. నాలుక మీద అప్పటిదాకా ఉన్న తుప్పు చేదు పోయి, చన్నీళ్ళు తాగినట్టయింది. ఇన్నాళ్ళూ ఆ చేదు ఉందని కూడా తెలియనంతగా అలవాటు పడిపోయాననుకుంది.

చిమ్నీ మెడ చుట్టూ ఇనపజాలీ వసారా ఒకటి ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత వెడల్పు. దానిమీద కాలు పెట్టగానే ఆమె కొక్కెం కడ్డీకి తగిలించింది. కూర్చుంది. పక్కన బావగారు కూడా కూర్చున్నారు, రొప్పుతూ. ఇంట్లో ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిచ్చే మనిషి, ఇక్కడ భుజం భుజం తగిలేలా కూర్చుని, ఒక చేత్తో తన కడ్డీనీ ఇంకో చేత్తో ఆమె బెల్టు తాడునీ పట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

బాబాయి మాత్రం సొంత వంటింట్లో ఉన్నట్టే ఉన్నాడు. గోడలో ఉన్న కంతకు మూత బోల్టులు విప్పాడు. లోపలినుంచి సెగ వచ్చి ముఖాన కొట్టింది. "ఒకసారి చెవి పెట్టి వినండమ్మా. అందరికీ దొరికేది కాదు" అన్నాడు.

ఆమె లేచి, మూతకు జానెడు దూరంలో చెవి పెట్టింది. లోపల గాలి పైకి పోతోంది. ఎంత గాలి! ఊళ్ళోని తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటే వచ్చే చప్పుడు అది. ఎక్కడా మొదలు లేదు, ఆపు లేదు. పుస్తకంలో ఆమె ఆ గాలిని గంటకు ఇన్ని వేల ఘనమీటర్లని ఎన్నోసార్లు రాసింది. రాసిన అంకె ఇదన్నమాట! ఒళ్ళు జలదరించింది. తెల్లకాగితం మీద నల్ల అంకెలుగా పరిచయమైన ప్రాణి మొదటిసారి ఎదురుగా నిలబడి ఊపిరి తీస్తున్నట్టు ఉంది.

బాబాయి చుట్టలాంటి వడపోత కాగితం బిగించి, పొడుగాటి గొట్టాన్ని కంతలోకి తోసి, గడియారం చూసుకున్నాడు. "అయిదూ యాభై. అరగంట పీలుస్తుంది. ఈలోపల మనకు పనేం లేదు, సూర్యుణ్ణి చూడ్డం తప్ప."

అప్పుడు ఆమె మొదటిసారి బయటికి చూసింది.

ఊరు లేదు.

ఊరు ఉండవలసిన చోట ఒక చెరువు ఉంది. అంచునుంచి అంచుదాకా పాలరంగు చెరువు, అల లేకుండా, గీత గీసినట్టు సమంగా. నీళ్ళ ట్యాంకు తల ఒక్కటీ ద్వీపంలా తేలుతోంది. బడి మేడ పై అంతస్తు, ఆసుపత్రి మీద ఎర్ర అక్షరాల బోర్డు, మూడు సెల్ టవర్లు. అంతే. రాత్రి చల్లబడ్డ గాలి నేలను పట్టుకుని పడుకుంటుందనీ, మీద ఉన్న వెచ్చటి గాలి దానికి మూతలా కూర్చుంటుందనీ, పొద్దెక్కి నేల వేడెక్కేదాకా ఆ మూత లేవదనీ ఆమె చదువుకుంది. పరీక్షలో బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. ఆ మూత కంటికి కనబడుతుందని ఎవరూ చెప్పలేదు. ఇంత అందంగా ఉంటుందని అసలే చెప్పలేదు.

తూర్పున సూర్యుడి అంచు పొడుచుకొచ్చింది. చెరువు మొత్తం ఒక్క క్షణంలో రాగిరంగుకు తిరిగింది. మూత మీదినుంచి వెలుగు జారుకుంటూ వచ్చి వాళ్ళ బూట్లను తాకింది. 

"అబ్బ" అన్నారు చివరికి బావగారు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఇది రోజూ ఉంటుందా పెద్దాయనా?"

"చలికాలమంతా ఉంటుంది బాబూ. మేం పదకొండింటికి వచ్చేసరికి ఆవిరైపోతుంది. చూసేవాడుంటే కదా!"

ఆమె తల ఎత్తి చిమ్నీ కొన వైపు చూసింది. పొగ లేదు. ఎండలో గాలి కొంచెం అలలు పోతోంది, అంతే. బావగారు కూడా చూశారు. ఆయన ఛాతీ కొద్దిగా పొంగింది. మూడువందల అరవై గుడ్డసంచుల్లోంచి పొగను తోసి, దుమ్మునంతా సంచుల్లో నిలిపి, మిగిలిన గాలిని పైకి పంపే ఏర్పాటు ఆయనది. ఒక్క సంచికి చిల్లుపడినా చప్పుడును బట్టి కనిపెట్టగలరని చెప్పుకుంటారు. "నా చిమ్నీలోంచి పొగ వస్తే, ఆకాశం నల్లబడకముందే నేను సిగ్గుతో నల్లబడతానమ్మా" అన్నారు.

ఆమెకు గుండెలోని బరువు దిగింది. అర్జీలు అబద్ధమైతే అయ్యాయి. ఇంటి మనిషి నిజాయితీపరుడు. రేపు శుక్రవారం మూడో కొలిమి ఫైలు మీద సంతకం పెట్టేయవచ్చు.

అప్పుడే కింద గంట మోగింది.

"ఛార్జింగ్" అన్నారు బావగారు అలవాటుగా. కొలిమి మూత తెరిచి, క్రేన్ తొట్టిలోంచి తుక్కును లోపలికి కుమ్మరించడం. వంటింటి భాషలో చెప్పాలంటే ఒక వాయి దింపి ఇంకో వాయి వేయడం. ఆమె వంగి చూసింది. కొలుముల వేడికి ఫ్యాక్టరీ మీదా, కాలవ దాటి కాలనీ మీదా ఆ పాలపొర గాజుతెరలా పల్చబడి ఉంది. వాళ్ళకు చాలా కింద, కొలుముల షెడ్డు రేకుల కప్పు పొడుగ్గా ఉంది. దక్షిణపు కొసన కప్పు మీద గాలి పోవడానికి వదిలిన సందుల్లోంచి ముందు ఎర్రటి వెలుగు తన్నింది. పగలే మెరుపు మెరిసినట్టుంది. ఆ వెలుగు వెనకాలే కప్పు ఊపిరి వదిలింది.

గోధుమరంగు పొగ. ఒక చోటనుంచి కాదు, ముప్పై గజాల పొడవునా సందులన్నిటినుంచీ ఒకేసారి ఉబికింది. పొగ పైకి పోవాలి కదా, ఇది పోలేదు. ఆ వెచ్చగాలి మూత దాకా లేచి, అది తగిలి తిరిగి, పొంగిన పాలు గిన్నె అంచు దిగినట్టు రేకుల మీదినుంచి జారి కిందికి దిగింది. నీరు పల్లమెరుగునంటారు. ఆ ఉదయం పొగ కూడా పల్లమెరిగే ఉంది. ఫ్యాక్టరీ గోడ దాటింది. కాలవ గట్టు పట్టుకుంది. తెల్లటి చెరువు అడుగున గోధుమరంగు ఏరు ఒకటి మెలికలు తిరుగుతూ, తొందరేమీ లేకుండా, దారి బాగా తెలిసిన మనిషిలా కాలనీవైపు నడిచింది.

ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. భయం కాదు. కోపం కూడా ఇంకా రాలేదు. అంత పెద్ద సంగతి కళ్ళెదుట నిశ్శబ్దంగా జరుగుతుంటే మనిషికి మొదట కలిగేది చేతులెత్తి మొక్కాలన్న భావం.

"మంచు అది" అన్నారు బావగారు.

ఆమె గడియారం చూసుకుంది.

"మంచే. ఎండ తగిలి రంగు మారింది."

"ఆరూ పన్నెండు" అని మాత్రం అని ఆమె నోటుబుక్కులో రాసుకుంది. 

ఆరూ ఇరవైకి బాబాయి గొట్టం బయటికి లాగి, వడపోత కాగితం విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. తెల్లగా ఉంది. మల్లెమొగ్గంత తెలుపు కాదుగానీ, ఉతికిన చొక్కా అంత తెలుపు. "ఇంతటి శుభ్రమైన చిమ్నీ నా సర్వీసులో నాలుగు చూసుంటాను" అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది. అయినా బావగారు కాగితం వైపు చూడలేదు. ఆయన కళ్ళు కింద ఉన్నాయి.

గంట మళ్ళీ మోగింది. ఈసారి షెడ్డు నడిమి భాగం, రెండో కొలిమి. మళ్ళీ మెరుపు, మళ్ళీ ఉబుకు, మళ్ళీ ఆ జారుడు. ఆయన చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. షిఫ్టు ఛార్జింగ్ వేళలు అందులో ఉంటాయి. పేజీ చూశారు, గడియారం చూశారు, కప్పు చూశారు. పొగ ఏరు వెంట కళ్ళు నడిపించారు. కాలవ, వంతెన, కాలనీ మొదటి వీధి, రెండో వీధి. సరిగ్గా ఏడు నిమిషాలకు అది ఆకుపచ్చ పిట్టగోడ ఉన్న రెండంతస్తుల మేడను చుట్టుకుంది. మేడ మీద తీగకు వరసగా బట్టలు ఆరేసి ఉన్నాయి.

ఆ పిట్టగోడకు రంగు వేయించింది బావగారే.

"మీ అక్కయ్య రోజూ పొద్దున్నే కిటికీలు తుడుస్తుంది" అన్నారాయన. తన భార్య గురించి, అంటే ఆమె తోటికోడలి గురించి. "తుడిచిన గుడ్డ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, ఇదేం దుమ్మండీ అంటుంది. రోడ్డు దుమ్మే అంటాను. పన్నెండేళ్ళుగా రోడ్డు దుమ్మే అంటున్నాను. రోడ్డు వేసే కాంట్రాక్టరుని తిట్టని రోజు లేదు." జేబు పుస్తకం మూశారు. "దీపం కింద చీకటంటారు. ఆ దీపం తుడుస్తూ కూర్చున్నవాణ్ణి నేనే."

 ఈయన అబద్ధం ఆడి ఉంటే ఎంత తేలికగా ఉండేది! కొలిమి మూత తీసినప్పుడు పొగను పీల్చే గొట్టం దాన్ని వదిలేస్తుందని, ఆ రెండు నిమిషాల పొగ సంచుల దాకా రాదని ఆయనకు తెలియదా? తెలుసు. షెడ్డులో అందరికీ తెలుసు. కానీ షెడ్డులోంచి పైకి చూస్తే పొగ పైకి పోయినట్టే కనబడుతుంది. పోయినదాని సంగతి ఎవరు ఆలోచిస్తారు?

"బావగారూ, నేనిది రాయాలి."

"రాయి" అన్నారు వెంటనే. అంతలోనే తల అడ్డంగా తిప్పారు. "ఎక్కడ రాస్తావమ్మా? మీ ఫారం నాకు కంఠతా వచ్చు. చిమ్నీ ఎత్తెంత, చిమ్నీ వేడెంత, చిమ్నీలో దుమ్మెంత. కప్పుకు గడి ఏది? గడి లేనిదాన్ని మీ పెద్దసారు చదువుతాడా?"

"గడి లేకపోతే గీస్తాను."

"గీస్తే ఒక కొలిమి ఆపమంటారు. ఆపితే ఒక షిఫ్టు పోతుంది. రెండువందల మంది ఇళ్ళకు పోతారు. వాళ్ళలో సగం మంది ఆ కాలనీలోనే ఉన్నారు."

"ఆపమని నేను రాయను. కప్పు కింద లేచే పొగను పట్టి సంచుల్లోకి లాగే పొగగూడు ఒకటి కట్టమని రాస్తాను. కట్టేదాకా తెల్లవారుజామున కొలిమి మూత తెరవొద్దని రాస్తాను. పొద్దెక్కాక వేసుకోమనండి ఛార్జింగ్. ఊరి మీది ఆ గాలి మూత లేచాక."

ఆయన ఆశ్చర్యంగా ఆమె వైపు చూశారు. ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు. "అది కుదురుతుంది" అన్నారు మెల్లగా, లెక్కలు వేసుకుంటున్నట్టు. "కుదరడానికేం... వేళలు జరిపితే కుదురుతుంది. పొగగూడుకు నా దగ్గర కొలతలు కూడా ఉన్నాయి." అంటూనే నవ్వారు. అందులో సంతోషం లేదు. "ఇంత పొద్దున్నే ఆఫీసువాళ్ళని పైకి ఎక్కనిచ్చింది ఎవడని అడుగుతారమ్మా కింద."

"మీ పేరు రాయను."

"రాయకపోతే నీ రిపోర్టులో మొదటి అబద్ధం అదే అవుతుంది. ఇటు ఇయ్యి."

నోటుబుక్కు తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నారు. తన జేబు పుస్తకంలోని ఛార్జింగ్ వేళలను ఆమె రాసిన వేళల పక్కన ఒక్కొక్కటిగా ఎక్కించారు. ఆరూ పన్నెండు, ఆరూ ముప్పై ఒకటి. నిమిషం తేడా లేదు. కింద 'నా కళ్ళతో చూశాను' అని రాసి, హోదాతో సహా సంతకం పెట్టారు. మీటరు బాబాయి ఆ సంతకం చూసి, హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్దమనిషి ఎదురైతే తలపాగా సవరించుకున్నట్టు.

ఎండ బలపడింది. చెరువు అంచులు పల్చబడి ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటీ పైకి తేలుతున్నాయి. ఎక్కడో ఒక కిటికీ అద్దం తళుక్కుమంది. ఆ అందం చూస్తూ ఆమె ఒక నిమిషం అన్నీ మరిచిపోయింది. చూడవలసినదాన్ని చూశాననీ, ఇంక దిగి రాయడమే మిగిలిందనీ అనుకుంది.

గంట మోగలేదు. అయినా కప్పు మళ్ళీ మెరిసింది.

దక్షిణపు కొసన కాదు. నడుమా కాదు. ఉత్తరపు కొసన, ఫైలులోని నక్షాలో 'ఇటుకల గోడౌను' అని రాసి ఉన్న చోట. మిగతా రెండిటి మీదా కలిపి లేచినంత పొగ అక్కడొక్కచోటే లేచింది. ముదురు రంగుది, దాదాపు నలుపు. జాలీ వసారా కూడా ఆ క్షణాన సన్నగా అదిరినట్టనిపించింది.

"అదేమిటి?" ఆమె ఉత్తరపు కొస వైపు వేలు చూపింది.

"మూడో ఫర్నేస్" అన్నారు బావగారు. మామూలుగా. వంటింట్లో కుక్కర్ కూత వేసిందని చెప్పినంత మామూలుగా.

"మూడోదా! అనుమతి లేకుండా ఎలా వెలిగించారు?"

ఇప్పుడు తెల్లబోవడం ఆయన వంతైంది. "అనుమతి లేకుండా ఏమిటి అమ్మాయ్? మొన్న వచ్చిందిగా. నిన్న సాయంత్రం ట్రయల్ మొదలుపెట్టారు. ఇంట్లో ఈ మాట వద్దని నువ్వే అన్నావు కాబట్టి ఊరుకున్నాను. ఇచ్చాక ఒకసారి కళ్ళతో చూసుకోవడానికి ఎక్కుతున్నావని అనుకున్నాను." ఆయన ఫోన్ తీసి, బొటనవేలితో వెతికి, ఆమెకు అందించారు. "ఇదిగో."

ఎండ పడుతుంటే చేతిని అడ్డం పెట్టుకుని చూసింది. ఆఫీసు ముద్ర. మూడో కొలిమి నిర్వహణకు అనుమతి. షరతులేమీ లేవు. కింద కుడివైపున సంతకం. మొదటి అక్షరం వంపు, చివరి అక్షరానికి కిందికి లాగిన తోక. ఇంట్లో ఉన్న తన మూడేళ్ళ పాప కూడా గుర్తుపట్టగలిగేంత తన సంతకం.

ఫైలు ఆమె బీరువాలో ఉంది. తాళంచెవి ఆమె మెడలోని దారానికి ఉంది. చేత్తో తడిమి చూసుకుంది కూడా. ఉంది.

"బావగారూ, ఇందులో తేదీ చూశారా?"

"సోమవారం. అయితే?"

"సోమవారం పాపకి దగ్గు ఎక్కువైతే నేను పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. రాసిన మందులు తెచ్చి ఇచ్చింది మీరే."

బావగారి ముఖంలో రంగు దిగిపోయింది. నోటుబుక్కులో తను పెట్టిన సంతకాన్నీ, ఫోన్‌లో ఆమె పెట్టని సంతకాన్నీ మార్చి మార్చి చూశారు. నల్లటి పొగ కాలవ గట్టు ఎక్కి, మిగతా రెండిటి వెంట, దారి తప్పకుండా కాలనీవైపు సాగుతోంది.

"అమ్మా" అన్నాడు మీటరు బాబాయి. కడ్డీ మీదినుంచి వంగి కింద గేటు వైపు చూస్తున్నాడు. ఇంతసేపూ గొంతులో ఉన్న వేళాకోళం ఇప్పుడు లేదు. "ఆ నోటుబుక్కూ, ఆ వడపోత కాగితమూ నా సంచీలో పడేయండి. నన్నెవరూ సోదా చెయ్యరు."

"ఎందుకు బాబాయ్?"

"పదకొండింటిదాకా కదలని జీపు ఆరూ ముప్పావుకే వచ్చి చిమ్నీ కింద ఆగింది. దిగింది పెద్దసారు. పక్కన ఇద్దరున్నారు, వాళ్ళు మన ఆఫీసువాళ్ళు కాదు. ఒకడు నిచ్చెన తలుపుకు తాళం వేస్తున్నాడమ్మా."